నీళ్లు వదిలే దగ్గర ఆగిపోయిన మా వాషింగ్ మిషన్, పైపుల రోడ్డు సందులో మెకానిక్

మా ఇంట్లో వాషింగ్ మిషన్ ఆగిందంటే ఆ రోజు ఇల్లంతా ఆగినట్టే. మా అత్తయ్యకు మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమ పక్క చెయ్యీ కాలూ పడిపోయాయి. అన్నీ మంచం మీదే. రోజుకు రెండు దుప్పట్లు, ఆవిడ నైటీలు, కింద పరిచే పాత చీర మడతలు తప్పకుండా ఉతకాలి. ఒక్క రోజు ఉతక్కపోతే మర్నాడు మార్చడానికి దుప్పటి ఉండదు, ఆవిడ వీపు ఎర్రబడుతుంది. నాకేమో నడుం నొప్పి, తడి దుప్పటి చేత్తో పిండలేను. రెండు నెలల కిందట మిషన్ మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టినప్పుడు నాకు పట్టుకున్న టెన్షన్ ఎలాంటిదో తెలిస్తేనే, దాన్ని బాగుచేసిన అబ్బాయి గురించి ఇంత పొడుగ్గా ఎందుకు రాస్తున్నానో అర్థమవుతుంది.

షాపు విజయవాడ సింగ్ నగర్‌లో, పైపుల రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగే ఒక సందులో ఉంది. ఒకటే షట్టర్. బయట గోడ వారన పాత మిషన్ల డ్రమ్ములు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. లోపల ఒక బల్ల, దాని మీద స్క్రూలు వేసుకోవడానికి స్టీలు గిన్నెలు. నడిపేది ముప్పై ఏళ్ల అబ్బాయి, తోడుగా వాళ్ల తమ్ముడు. వాషింగ్ మిషన్లు, మిక్సీలు, గ్రైండర్లు చేస్తారు. ఫ్రిజ్‌లు, ఏసీలు ముట్టుకోరు. ఆ మాట ముందే చెప్పేస్తారు.

మా మిషన్ 2019లో కొన్నాం. పైనుంచి బట్టలు వేసే రకం, ఆరున్నర కిలోలది. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి మా పేట మీద పడినప్పుడు అది బాత్‌రూమ్ పక్కన వరండాలో ఉంది. మా ఇల్లు రోడ్డు కంటే మూడు మెట్లు ఎత్తు. అయినా ఇంట్లోకి మోకాళ్ల పైదాకా నీళ్లొచ్చాయి. అత్తయ్యను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు కలిసి మేడ మీదికి మోశారు. పై వాటా వాళ్లింట్లోనే ఐదు రోజులున్నాం, పడవల్లో తెచ్చి ఇచ్చిన పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలతో. నీళ్లు తీశాక కిందికి దిగితే ఇల్లంతా బంక మట్టి. ఫైరింజన్లు వచ్చి ఇళ్లు కడిగిన రోజులవి. ఫ్రిజ్ పోయింది, మిక్సీ పోయింది, చెక్క మంచాలు ఉబ్బిపోయాయి. కింది వాటాల వాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు ఫ్రిజ్‌కీ పరుపులకీ సరిపోయాయి.

మిషన్ మాత్రం బతికింది. మా మిషన్లో బోర్డు, అంటే మిషన్ని నడిపించే ఎలక్ట్రానిక్ పలక, పైన, బటన్ల వెనకాల ఉంటుంది. మోటారు, నీళ్లు వదిలే వాల్వు అడుగున ఉంటాయి. వరద నీళ్లు అడుగు భాగాన్నే ముంచాయి, బోర్డు దాకా రాలేదు. మావారు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని చేస్తారు. ఆయనే మిషన్ని పక్కకు వాల్చి, అడుగున పట్టిన మట్టంతా మంచినీళ్లతో కడిగి, పది రోజులు మేడ మీద ఎండబెట్టి, తెలిసిన వైండింగ్ మేస్త్రీకి మోటారు చూపించాకే ప్లగ్గు పెట్టనిచ్చారు. తిరిగింది. అదేం చిన్న విషయం కాదు మాకు. అన్నీ పోయిన ఇంట్లో ఒక వస్తువు బతికి తిరుగుతుంటే ఆ చప్పుడే ఎంతో ధైర్యంగా ఉండేది. ఏడాది పాటు ఏ పేచీ పెట్టలేదు.

మొన్న దసరాల్లో మొదలైంది. మూలా నక్షత్రం నాడు అమ్మవారి దర్శనానికని గుడివాడ నుంచి మా ఆడపడుచు వాళ్లు ఆరుగురు వచ్చి రెండు రోజులున్నారు. వాళ్లు వెళ్లాక దుప్పట్లన్నీ ఒకేసారి వేశాను. నీళ్లు పట్టింది, ఉతికింది, ఆ తర్వాత నీళ్లు వదలకుండా నిలబడిపోయి కూతలు మొదలుపెట్టింది. మూత తీస్తే దుప్పట్లు నల్లటి సబ్బు నీళ్లలో మునిగి ఉన్నాయి. స్విచ్ ఆపి, కాసేపాగి మళ్లీ వేస్తే నీళ్లు వదిలింది. మర్నాడు అత్తయ్య నైటీలు వేస్తే చక్కగా చివరిదాకా చేసింది. ఆ మర్నాడు దుప్పట్లు వేస్తే మళ్లీ అక్కడే ఆగింది. పూర్తిగా పాడైపోతే ఒక దారి, బాగుంటే ఒక దారి. ఒక రోజు పనిచేసి ఒక రోజు ఆగేదాన్ని ఏం చేయాలో తోచదు.

నాకు చేతనైనవి నేను చూశాను. మొదట కుళాయి. తర్వాత కుళాయి నుంచి మిషన్‌లోకి వెళ్లే పైపు విప్పితే, మిషన్ వైపు చిన్న ప్లాస్టిక్ జల్లెడ ఉంటుంది. దాన్ని కటింగ్ ప్లేయరుతో మెల్లగా లాగి పాత టూత్‌బ్రష్‌తో కడిగాను. ఇసుక కొంచెం ఉంది కానీ నీళ్లు ఆగేంత లేదు. అసలు నీళ్లు పట్టడంలో ఇబ్బందే లేదు కదా, వదలడంలో కదా, అని అప్పుడు తట్టింది. అప్పుడు నీళ్లు బయటికి పోయే పైపు చూశాను.

అక్కడ ఒక తప్పు దొరికింది. ఈ ఎండాకాలంలో బాత్‌రూమ్ నీళ్లు వరండాలోకి రాకుండా గడప దగ్గర బెత్తెడు ఎత్తు గట్టు కట్టించాం. పైపు ఆ గట్టు ఎక్కి దిగుతోంది. మా మిషన్లో నీళ్లను తోసే పంపు లేదు. అడుగున వాల్వు తెరుచుకుంటే నీళ్లు వాటంతటవే పల్లానికి పోవాలి. పంపు ఉన్న మిషన్లకు పైపు కాస్త ఎత్తులో పెట్టినా ఫర్వాలేదు, ఇలాంటివాటికి నేలబారుగా ఉండాలి. మేస్త్రీని పిలిచి గట్టుకు అడుగున పైపు పట్టేంత కంత పెట్టించాను. నీళ్లు మునుపటికంటే జోరుగా పోయాయి. దొరికిందిలే అనుకున్నాను. మూడు రోజులు బాగానే ఉంది. నాలుగో రోజు రెండు దుప్పట్లు వేశాను, ఆగింది.

అప్పుడు కంపెనీ సర్వీసుకు ఫోన్ చేశాం. వచ్చినాయన మిషన్ ఆన్ చేశాడు, తెర మీద మెరుస్తున్న అక్షరాలు చూశాడు, "ఇది వరదలో మునిగిన మిషనా?" అనడిగాడు. అవునన్నాను. ఇక అంతే. బోర్డు పోయిందన్నాడు, 6,400 అన్నాడు, వేసినా గ్యారంటీ ఇవ్వలేమన్నాడు, ఎక్స్ఛేంజిలో కొత్తది తీసుకోవడం మంచిదని కాగితం ఇచ్చాడు. అడుగున తొంగి కూడా చూడలేదు. వచ్చి చూసినందుకు చార్జీ తీసుకుని పావుగంటలో వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బోర్డు వరద నీళ్లలో మునగనే లేదని నా కళ్లతో నేను చూశాను. అయినా ఆయన కంపెనీ మనిషి, నేను ఇంట్లో ఉండేదాన్ని, ఎదురు ఎలా చెప్పేది? కొత్త మిషన్ కొనే డబ్బు అప్పుడు లేదు. అత్తయ్య మందులకే నెలనెలా వెతుక్కుంటున్నాం.

ఈ షాపు పేరు చెప్పింది పాలు పోసే ఆవిడ. ఆవిడ గ్రైండరు అక్కడే బాగుచేయించుకుందట. ఫోన్ చేశాను. నేను "మిషన్ మధ్యలో ఆగిపోతోంది బాబూ" అనగానే ఆ అబ్బాయి వేసిన ప్రశ్న ఇది:

"ఎక్కడ ఆగుతోందమ్మా? నీళ్లు పట్టేటప్పుడా, ఉతికేటప్పుడా, నీళ్లు వదిలేటప్పుడా, పిండేటప్పుడా?"

ఆ ఒక్క ప్రశ్నకే సగం ధైర్యం వచ్చింది. వదిలేటప్పుడు అని చెప్పాను. రోజూ ఆగుతోందా అనడిగాడు. లేదన్నాను. "అయితే గురువారం వస్తాను. ఈలోపు ఏ బట్టలు వేస్తే ఆగింది, ఏవి వేస్తే ఆగలేదు అని రాసి పెట్టండమ్మా. బరువు ఎంతో కూడా" అన్నాడు. గోడ మీది క్యాలెండర్లో తేదీల కింద రాశాను. ఆదివారం రెండు దుప్పట్లు, ఆగింది. సోమవారం నైటీలు, తువ్వాళ్లు, ఆగలేదు. మంగళవారం ఒక్క దుప్పటి, ఆగలేదు. బుధవారం రెండు దుప్పట్లు, పాత చీరలు, ఆగింది, మూడుసార్లు ఆపి వేస్తే కదిలింది. రాసినకొద్దీ నాకే కనబడింది, బరువు వేసిన రోజే ఆగుతోంది.

గురువారం వస్తానన్నవాడు శుక్రవారం వచ్చాడు. ఆ సంగతి తర్వాత చెబుతాను. వచ్చీ రాగానే మిషన్ ముట్టుకోలేదు. టెస్టర్ తీసి మిషన్ ఒంటికి పెట్టి చూశాడు, మసగ్గా వెలిగింది. ప్లగ్గు పీకేశాడు. అప్పుడు క్యాలెండర్ అడిగాడు. నా రాత అంతా నిలబడి చదివాడు. "బోర్డు పోతే బరువు తేడా తెలియదమ్మా. నైటీలకీ ఆగాలి, దుప్పట్లకీ ఆగాలి. ఇది అడుగున ఏదో లాగుతోంది" అన్నాడు. కంపెనీ మనిషి చూసిన అక్షరాల గురించి కూడా అడిగాను. ఆ అక్షరాలు నీళ్లు పోలేదని మాత్రమే చెబుతాయట, ఎందుకు పోలేదో చెప్పవట. పైపు మడతపడినా అవే అక్షరాలు, వాల్వులో గుడ్డపీలిక ఇరుక్కున్నా అవే, వైరు తెగినా అవే.

తర్వాత పని చూస్తూ నిలబడ్డాను. అన్నదమ్ములిద్దరూ మిషన్ని గోడకు వాల్చి, కింద గోనెసంచి పరిచారు. మొదట వాల్వు విప్పారు. ఒక హెయిర్ పిన్ను, రెండు చొక్కా గుండీలు, నూలు పోగుల ఉండ బయటపడ్డాయి. నేను అదేననుకున్నాను. ఆ అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. ఆ చెత్తకు వాల్వు మూసుకోకుండా నీళ్లు కారాలి గానీ, తెరుచుకోకుండా ఉండదు అన్నాడు. వాల్వును లాగే చిన్న మోటారు ఒకటి ఉంటుంది, దాన్ని డ్రెయిన్ మోటారు అంటారు. దాని ప్లగ్గు ఊడదీసి మీటరు పెట్టాడు, లోపలి తీగ చుట్ట (కాయిల్) బాగుంది. విడిగా కరెంటు ఇచ్చి చూశాడు, గిర్రుమని తాడు లాగి వాల్వు తెరిచింది. మోటారు బాగుంది. పైన మూత విప్పి బోర్డు దగ్గర, ఆ మోటారుకు వెళ్లే వైరు చివర చూశాడు. అక్కడి దాకా కరెంటు వస్తోంది. పైన ఉంది, కింద మోటారు బాగుంది. మరి మధ్యలో?

అప్పుడు చేసిన పని నేను ఎప్పటికీ మరచిపోను. ప్లగ్గు మళ్లీ పీకేసి, మీటరు ఒక కొసను బోర్డు దగ్గర, ఒక కొసను అడుగున అదే వైరు చివర తగిలించాడు. వైరు అతుకు బాగుంటే మీటరు కూస్తుంది. కూసింది. "ఇప్పుడు నొక్కరా" అన్నాడు తమ్ముడితో. తమ్ముడు రెండు అరచేతులూ టబ్బు అంచు మీద వేసి కిందికి నొక్కాడు. టబ్బు నాలుగు ఊచల మీద వేలాడుతూ ఉంటుంది కదా, బరువుకు కిందికి దిగింది. మీటరు కూత టక్కున ఆగిపోయింది. చెయ్యి తీశాడు, మళ్లీ కూసింది. నొక్కితే ఆగింది, వదిలితే కూసింది. ఐదారుసార్లు చేసి చూపించాడు. మావారిని కూడా పిలిచి ఆయన చేత నొక్కించాడు. రెండు తడి దుప్పట్ల బరువు, ఆ అరచేతుల బరువు ఒకటేనన్నమాట. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బోర్డు పోలేదని అప్పుడు నమ్మకం కుదిరింది.

అడుగున వైర్లన్నీ కట్టకట్టి నల్ల టేపు చుట్టి ఉంటాయి. ఆ టేపు బ్లేడుతో నిలువునా కోశాడు. లోపల నుంచి మట్టి రాలింది, పొడిపొడిగా, బుడమేరు రంగులోనే. ఏడాది పైబడిన మట్టి. మావారు పైనంతా కడిగారు గానీ టేపు లోపలికి పోయిన నీళ్లను ఎవరు చూస్తారు? అది ఆరలేదు. లోలోపల తడిగానే ఉండి రాగిని తినేసింది. ఒక చోట వైరు తొడుగు పగిలి, లోపల రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. గోటితో గీకితే పచ్చటి పిండి రాలింది. పది పన్నెండు పోగులుండాల్సిన చోట మూడో నాలుగో మిగిలాయి. బట్టలు తేలిగ్గా ఉన్నప్పుడు ఆ నాలుగూ అంటుకుని ఉంటాయి, బరువుకు టబ్బు దిగితే వైరు సాగి ఎడమవుతాయి. వాల్వు మోటారుకు కరెంటు ఆగుతుంది, స్ప్రింగు వాల్వును మూసేస్తుంది, నీళ్లు నిలిచిపోతాయి. ఇంతే జబ్బు.

ఆ వైరు జానెడు మేర కోసేసి కొత్త వైరు వేశాడు, సోల్డరింగ్ పెట్టి, పైన సన్నటి గొట్టం తొడిగి లైటరుతో వేడి చేసి బిగించాడు. ప్లగ్గు ముక్క కూడా చిలుము పట్టి ఉంటే మార్చాడు. కట్టలో మిగతా వైర్లు ఒక్కొక్కటే వంచి చూసి, పెద్ద మోటారుకు వెళ్లేదాంట్లో ఒకటి మెత్తబడిందని దాన్నీ మార్చాడు. ఈసారి టబ్బు కిందికి దిగినా లాగకుండా కొంచెం వదులుగా కట్టాడు. గంటన్నర పట్టింది. ఆ తర్వాత మా ఇంట్లో ఉన్న బరువైన దుప్పట్లు రెండు తడిపి వేయమని, అది నీళ్లు పూర్తిగా వదిలి, పిండి, ఆగేదాకా కూర్చుని చూసి వెళ్లాడు.

వెళ్లేముందు ఇంకో పని చేశాడు. మొదట టెస్టర్ వెలిగింది అన్నాను కదా. మా స్విచ్ బోర్డులో మూడో పిన్ను కంత, అంటే ఎర్తు, పనిచేయడం లేదని తేల్చాడు. తడి చేతులతో మూత ముట్టుకున్నప్పుడు ఒకటి రెండుసార్లు చురుక్కుమన్నట్టు నాకు అనిపించింది, చలికాలం అనుకుని ఊరుకున్నాను. ఇంటి వైరింగు తను చేయడట. "ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్తు వేయించాకే వాడండమ్మా, మిషన్ బాగుంది కదా అని ఈ రాత్రి వేయొద్దు" అని రెండుసార్లు చెప్పాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్ బోర్డు విప్పితే అక్కడా అదే పచ్చ చిలుము. ఆ బోర్డు కూడా వరదలో మునిగిందే. 350 తీసుకుని కొత్త వైరు లాగాడు. రోజూ తడి నేల మీద నిలబడి ఆ మిషన్ వాడింది నేనూ, సెలవులకు వచ్చినప్పుడు మా అమ్మాయీ. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మిషన్ రిపేరుకు మొత్తం 750 తీసుకున్నాడు. వచ్చి చూసినందుకు 200 అని ఫోన్‌లో చెప్పాడు గానీ, పని చేస్తే అది కూలీలో కలిపేస్తాడట, విడిగా తీసుకోలేదు. కోసేసిన పాత వైరు ముక్క నా చేతిలో పెట్టాడు. "మార్చింది ఇదేనమ్మా, ఉంచుకోండి" అన్నాడు. అడక్కుండా పాత ముక్క చేతికిచ్చిన రిపేరు మనిషిని నేను చూడడం ఇదే మొదటిసారి.

ఆ అబ్బాయి పని చేస్తూ చెప్పినవి కొన్ని రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తాయి. నీళ్లు పట్టేటప్పుడు ఆగితే కుళాయి, జల్లెడ, నీళ్ల జోరు చూసుకోవాలట. మేడ మీద ట్యాంకు, దాని కిందే పై అంతస్తులో మిషన్ ఉంటే ట్యాంకుకూ కుళాయికీ ఎత్తు తేడా తక్కువై జోరు చాలదు, మిషన్ ఎదురుచూసి ఎదురుచూసి ఆగిపోతుంది. ఉతికేటప్పుడు మోటారు మూలుగుతూ డ్రమ్ము తిరగకపోతే బెల్టు వదులైందో, మోటారు తిరగడానికి ఊపునిచ్చే కెపాసిటర్ పోయిందో అయి ఉండొచ్చు. కెపాసిటర్‌లో ప్లగ్గు తీశాక కూడా కరెంటు నిలవ ఉంటుంది కాబట్టి ఇంట్లో వాళ్లు ఆ జోలికి పోకూడదు. పిండేటప్పుడు ఆగి, మళ్లీ నీళ్లు పట్టుకుని తిప్పుతూ ఉంటే బట్టలన్నీ ఒక పక్కకు చేరాయని అర్థం. ఒక్క బరువైన దుప్పటి ఒంటరిగా వేస్తే ఇలా అవుతుంది, తోడుగా రెండు తువ్వాళ్లు వేయాలి. మిషన్ కాళ్లు నాలుగూ నేలకు సమంగా ఆనుతున్నాయో లేదో కూడా చూసుకోవాలి. మూత సరిగా పడకపోయినా పిండదు. వదిలేటప్పుడు ఆగితే పైపు, వాల్వులో చెత్త, ఆ తర్వాతే వైర్లు. బోర్డు అన్నిటికంటే చివర. "బోర్డు మార్చడం తేలికమ్మా, నాలుగు స్క్రూలు. అందుకే అందరూ ముందు అదే అంటారు" అన్నాడు.

సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ వాళ్లకు నేను ప్రత్యేకంగా చెప్పేది ఒకటుంది. 2024 వరదలో మునిగి, కడిగి ఎండబెట్టి మళ్లీ వాడుకుంటున్న మిషన్ మీ ఇంట్లో ఉంటే, అది ఇప్పుడు బాగా తిరుగుతున్నా సరే, అడుగున వైర్ల టేపు ఒకసారి విప్పించి చూపించండి. మునిగిన స్విచ్ బోర్డుల ఎర్తు కూడా. మా ఇంట్లో ఇది బయటపడడానికి ఏడాది పైన పట్టింది.

ఇక ఈ షాపుతో ఉన్న ఇబ్బందులు. చెప్పిన రోజు రాడు. గురువారం అన్నవాడు శుక్రవారం మధ్యాహ్నం వచ్చాడు, రానని ఫోన్ కూడా చేయలేదు. ఆ ఒక్క రోజు నేను అత్తయ్య దుప్పట్లు బకెట్లో నానబెట్టి ఎదురుచూశాను. అతనికి అది చిన్న ఆలస్యమే గానీ నాకు కాదు, ఆ మాట అతనితోనే అన్నాను. ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఫోన్ ఎత్తడు, పని మీద ఉంటాడట. అచ్చు బిల్లు ఇవ్వడు. తెల్ల కాగితం మీద తేదీ, చేసిన పని, తీసుకున్న డబ్బు రాసి సంతకం పెట్టి ఇచ్చాడు, అదీ నేను అడిగితేనే. గ్యారంటీ కూడా నోటి మాటే, మూడు నెలల్లో అదే వైరు ఇబ్బంది పెడితే డబ్బు తీసుకోకుండా చేస్తానన్నాడు. ఆ మాట కూడా ఆ కాగితం మీదే రాయించుకున్నాను. మీరూ అడిగి రాయించుకోండి, కాదనడు.

ఐదు మార్కులకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు రాని గురువారానికి.

రిపేరు చేసి ఏడు వారాలైంది. రోజుకు ఒక వాయి, కొన్ని రోజులు రెండు. రెండు దుప్పట్లు వేసినా, పాత చీరలు కలిపి వేసినా ఒక్కసారి కూడా ఆగలేదు. మొదటి వారం నీళ్లు వదిలే వేళకు వరండాలోకి వెళ్లి నిలబడేదాన్ని, గట్టు కంతలోంచి నీళ్లు దూకే చప్పుడు వినేదాకా గుండె దడగా ఉండేది. ఇప్పుడు అత్తయ్య పక్కన కూర్చునే వింటున్నాను. ఆవిడకు మాట స్పష్టంగా రాదు, అయినా మిషన్ పిండడం మొదలుపెట్టగానే కుడి చెయ్యి ఎత్తి అటు చూపిస్తుంది.

ఆ వైరు ముక్క వంటింటి కిటికీ గట్టు మీదే ఉంది. మొన్న పక్కింటి ఆవిడ వచ్చి దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. వాళ్ల మిషన్ కూడా మాతో పాటే మునిగింది. ఈ మంగళవారం వాళ్లింటికి వస్తానన్నాడు ఆ అబ్బాయి. బుధవారం దాకా చూడమని చెప్పాను ఆవిడకు.